వెనక్కి చూడని వరుస

జూన్ 19

అక్కా,

క్షేమంగా చేరాం. దారిలో నీ కూతురు చీమ ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. నేను రెండుసార్లు చేసుకున్నాను. ఈ మాట బావకి చెప్పకు, సెలవులదాకా నవ్వుతూనే ఉంటాడు.

ఇక్కడికి రాగానే ఫోన్లు పెద్ద మేడం గదిలో బీరువాలో పెట్టేయాలి, పిల్లలవే కాదు టీచర్లవి కూడా. ఉత్తరాలు మాత్రం ఎన్నైనా రాసుకోవచ్చు. శనివారం రొట్టెల వ్యాను కొండ దిగేటప్పుడు పట్టుకెళ్తుంది. కాబట్టి నా ఉత్తరాలకి రొట్టె వాసన వస్తే అనుమానపడకు.

లైబ్రరీ నాకు నచ్చింది. పొడుగాటి గది, రెండు కిటికీలు, తాళం పడని ఒక అద్దాల బీరువా. పుస్తకాల మీద దుమ్ము చూస్తే నాకంటే ముందున్నావిడ చదివే మనిషిలా లేదు. నీ కూతురు వచ్చిన రోజే కిటికీ కింద బల్ల చూసుకుంది, ఎప్పటిలాగే కిందకి దూరింది. నేను ఏమీ అనలేదు. నువ్వు అక్కడి నుంచే అంటున్నావని నాకు తెలుసు.

నువ్వు అడిగిన సంగతి చెప్తాను. అవును, వీళ్ళు పిల్లలకి నాయకత్వం నేర్పుతారు. కరపత్రంలో రాసుకోవడం ఒక్కటే కాదు, నిజంగానే. హాస్టలు పైన ఉంది, బడి కాస్త కింద. మధ్యలో రాళ్ళ బాట, ఒక పక్క గోడ, ఇంకో పక్క చెట్లు. రోజూ పొద్దున ఒక్కో తరగతి వరుసగా దిగి వస్తుంది. ప్రతి సోమవారం కొత్త లీడరు. మెడలో ఈల వేసుకుని ముందు నడుస్తుంది. బాగా చదివేవాళ్ళకే అని లేదు, తరగతిలో అందరి వంతూ వస్తుంది.

నియమం ఒక్కటే. లీడరు వెనక్కి తిరగకూడదు. వెనక ఎవరు నవ్వినా, పడినా, పిలిచినా తిరగకూడదు. అందరూ వస్తున్నారో లేదో చెవులతోనే తెలుసుకోవాలి. కింద మెట్ల మీద పెద్ద మేడం నిలబడి, "ఎంతమంది?" అని అడుగుతారు. లీడరు తల తిప్పకుండా చెప్పాలి.

పెద్ద మేడం కూడా తిరగరు. వెనక నుంచి పిలిస్తే పలకరు. మొదటిరోజు చెవుడేమో అనుకుని ఇంకా గట్టిగా పిలవబోయాను. లెక్కల టీచరు నా చెయ్యి పట్టుకుని, "చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళమ్మా" అంది. ఆవిడ నడుస్తుంటే ఆవిడకన్నా వేగంగా నడిచి, దాటి, ఎదురుగా నిలబడి, అప్పుడు గుడ్ మార్నింగ్ చెప్పాలి. ఆవిడేమో చాలా వేగంగా నడుస్తారు. పొద్దున్నే వరండాలో ముగ్గురు టీచర్లు చీరలు ఎత్తిపట్టుకుని ఆవిడ్ని దాటడానికి పడే పాట్లు నువ్వు చూడాలి.

చీమ బాగానే తింటోంది. నీ మిషన్ల చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదంది.

నీ
చెల్లి

జూలై 2

పుస్తకాల పురుగూ,

నీ ఉత్తరానికి రొట్టె వాసన రాలేదు. కలరా ఉండల వాసన వచ్చింది. బీరువాలో ఎలకలున్నాయేమో చూసుకో.

వాంతుల సంగతి మీ బావకి చెప్పేశాను. చెప్పద్దన్నావు కాబట్టే చెప్పాను.

ఇక అసలు మాట. దాన్ని అంత దూరం పంపింది కొండ గాలి పీల్చడానికి కాదు. ఇంటికి ఎవరొచ్చినా కటింగ్ టేబులు కింద దూరుతుంది. అక్కడ కూర్చుని, "అమ్మా, మూడో మిషను కుట్టు వదిలేస్తోంది" అంటుంది. చూస్తే నిజంగానే వదిలేస్తూ ఉంటుంది. చెవులు అంత పదును. నోరు మాత్రం లేదు. మీ బావ, "పోనీలే, పిన్ని పోలిక" అంటాడు. నా భయం కూడా అదే.

కోపం వస్తే రానీ. బహుమతి ఇస్తామంటే స్టేజి ఎక్కలేక బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చున్నదానివి. పాపం మన కాన్వెంటు సిస్టరు తలుపు కింద నుంచి పుస్తకం లోపలికి తోసింది. నా స్నేహితురాళ్ళు ఇప్పటికీ అడుగుతారు, "మీ చెల్లి బయటికి వచ్చిందా?" అని.

నాకూ నోరు పుట్టుకతో రాలేదు. బట్టల షాపుల వాళ్ళ ముందు నిలబడి, ఈ రేటుకి కుట్టను పొమ్మని చెప్పడం నేర్చుకున్నాను కాబట్టి ఈ నాలుగు మిషన్లు ఆడుతున్నాయి. నా కూతురు కలెక్టరు కానక్కర్లేదు. నలుగురిలో నిలబడి ఇది కావాలి, అది వద్దు అని చెప్పగలిగితే చాలు.

వెనక్కి చూడకూడదన్న రూలు నాకు బాగా నచ్చింది. మనం స్కూలుకి వెళ్ళేటప్పుడు నేను ముందు, నువ్వు వెనక పుస్తకం తెరుచుకుని. నీకోసం తిరిగి చూస్తూ కూర్చునుంటే మనం ఇప్పటికీ ఆ దారిలోనే ఉండేవాళ్ళం.

దాని వంతు ఎప్పుడో కనుక్కుని రాయి. బల్ల కింద నుంచి బయటికి లాగు.

అక్క

ఆగస్టు 9

అక్కా,

ముందు నీకు నచ్చే మాటలు రాస్తాను. చీమ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే పని తీసుకుంది. నేను చెప్పలేదు, తనే అడిగింది. పిల్లలు దాని బల్ల ముందు నిలబడతారు. మొన్న ఒక అమ్మాయి రాకపోతే, "తను నిన్న కూడా రాలేదు. ఒంట్లో బాగాలేదేమో" అని వార్డెన్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. వార్డెన్ ఎంత గట్టిగా మాట్లాడే మనిషో చెప్తే నమ్మవు. ఆవిడ ముందు నిలబడి చెప్పింది. ఆ అమ్మాయికి నిజంగానే జ్వరం.

ఇక్కడి పద్ధతి వల్ల పిల్లలు మారుతున్నారు, కాదనను. జూన్‌లో పేరు అడిగితే ఏడ్చిన పిల్ల ఇప్పుడు ఈల వేసుకుని ఇరవై మందిని దించుకొస్తోంది. మెడ నిటారుగా. చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ ఒకటి ఉంది.

మెట్ల దగ్గర పెద్ద మేడం "ఎంతమంది?" అని అడిగినప్పుడు, లీడర్లు అందరూ ఒకరు ఎక్కువ చెప్తారు. ఏ తరగతి లీడరైనా, ఏ వారమైనా. పక్కన నిలబడిన టీచరు లెక్కపెట్టి చూస్తే ఎంతమంది ఉండాలో అంతమందే ఉంటారు. లీడరు మాత్రం ఒకరు ఎక్కువ చెప్తుంది. పెద్ద మేడం తప్పు పట్టరు. "మంచిది" అని తల ఊపి లోపలికి పంపిస్తారు. సరిగ్గా చెప్పిన లీడరు ఒక్కర్తే ఉంది. ఆ పిల్లని, "సరిగ్గా విని చెప్పు" అని మళ్ళీ పైకి పంపించారు.

లెక్కల టీచర్ని అడిగాను. "నాకు పెన్షనుకి ఇంకా నాలుగేళ్ళుందమ్మా" అంది. జవాబు అదే.

అప్పటి నుంచి చీమ తరగతి వరుస చివర నేను నడుస్తున్నాను. నాకైతే ఏమీ వినపడదు. ఇరవై జతల బూట్లు, నా చెప్పులు, అంతే. అయితే చివర నడిచే పిల్ల, అది ఎవరైనా సరే, బడి తలుపు దాటాక ఒక క్షణం ఆగుతుంది. తలుపు పట్టుకుని ఉంచుతుంది. తర్వాతే వదులుతుంది. ఎవరు నేర్పారో వాళ్ళకే తెలియదు.

నిన్న ఆ పిల్ల నా కొంగు పట్టుకుని మెల్లగా లాగింది. "మిస్, కొంచెం పక్కగా నడవండి" అంది. ఎందుకన్నాను. "అది మీ చోటు కాదు."

చెప్పిన తీరులో భయం లేదక్కా. బస్సులో సీటు గురించి చెప్పినట్టు చెప్పింది.

చీమ వంతు ఇంకా రాలేదు. వస్తే నాకు ఇష్టమో కాదో తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి

ఆగస్టు 23

చెల్లీ,

రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

ఒకరు ఎక్కువ చెప్తున్నారట. చిన్నపిల్లలు, చూడకుండా లెక్కపెడితే తప్పు రాదా? మా షాపులో చూస్తూ లెక్కపెట్టినా బొత్తాలు తప్పు వస్తాయి. నువ్వు ఆ తాళం పడని బీరువాలోంచి ఏ పుస్తకాలు తీసి చదువుతున్నావో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక పుస్తకం చదివి నెల రోజులు మంచం దిగి కాళ్ళు కింద పెట్టనన్నావు.

నీ ఉత్తరంలో నాకు కనిపించింది వేరే. పిల్ల పైకి వస్తోంది. వార్డెన్‌తో మాట్లాడిందంటే నేను ఇక్కడ మిషను ఆపి అందరికీ చెప్పాను. నువ్వేమో దాని వెనకాలే తోకలా నడుస్తున్నావు. అది ముందుకి వెళ్తుంటే నీకు తోడు పోతుందని దిగులు. ఉన్నమాటే అంటున్నాను.

అందుకని పెద్ద మేడం గారికి ఉత్తరం రాశాను. పిల్ల పిన్ని నీడలోనే ఉండిపోతోంది, దయచేసి దూరం పెట్టండి, దాన్ని లీడర్ని చేయండి అని. ఆవిడ వెంటనే జవాబు రాశారు. చేతిరాత అచ్చు వేసినట్టుంది. "మీ అమ్మాయి చెవులు చాలా మంచివి. నేను ఎన్నాళ్ళుగానో ఇలాంటి పిల్ల కోసం చూస్తున్నాను" అని రాశారు. నా కూతురి గురించి బయటివాళ్ళు ఇంత మంచి మాట అనడం ఇదే మొదటిసారి. ఉత్తరాన్ని అద్దం పక్కన గుచ్చాను.

నీకు కోపం వస్తుంది. వచ్చినా నేను ఇదే చేసేదాన్ని.

అక్క

సెప్టెంబరు 14

అక్కా,

కోపం రాలేదు. ఆవిడకి నీ ఉత్తరం అందిన రోజే అనుకుంటాను, పెద్ద మేడం నన్ను పిలిపించారు. గుమ్మం ఆవిడ వెనక వైపుంది కాబట్టి గోడ వెంట నడిచి, బల్ల చుట్టూ తిరిగి, ఎదురుగా నిలబడ్డాను. నీ ఉత్తరం బల్ల మీద ఉంది. ఇకమీద వరుస చివర నడవద్దన్నారు. మర్యాదగానే అన్నారు. "మీరు వెనక ఉంటే ఆ అమ్మాయికి మీ చెప్పులే వినిపిస్తాయి. తను వినాల్సింది అది కాదు" అన్నారు.

సరే అన్నాను. నేను ఎప్పుడు కాదన్నాను గనక.

నిన్న ప్రార్థన తర్వాత ఆవిడ పిల్లలకి కథ చెప్పారు. ఏటా చెప్తారట. ఆవిడ కూడా ఈ బడిలోనే చదివారు. పదేళ్ళప్పుడు, చలికాలం మొదటి పొగమంచు రోజున, లీడరు వంతు ఆవిడది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడనంత మంచు. వెనక నుంచి ఎవరో ఆగమని పిలిచారు. ఆవిడ ఆగలేదు, తిరగలేదు. "ముందు నడిచేవాళ్ళు ఆగితే వెనకవాళ్ళంతా ఆగుతారు. ఆ మంచులో ఆగితే దారి తప్పుతారు. నేను తిరగలేదు కాబట్టే అంతమందిని మెట్లదాకా తెచ్చాను. నాయకత్వం అంటే అది" అన్నారు.

హాలంతా చప్పట్లు. ఆ మాటలో తప్పెక్కడుందో నాకు సాయంత్రందాకా దొరకలేదు.

చప్పట్లు ఆగాక ఒక చెయ్యి లేచింది. నీ కూతురిది. నాలుగు వందల మంది మధ్యలో లేచి నిలబడింది అక్కా. నువ్వు చూసుంటే ఏడ్చేదానివి.

"అందరూ వచ్చారా మేడం?"

పెద్ద మేడం రెండు అడుగులు ముందుకి వచ్చి దాన్ని చూశారు. తర్వాత అన్నారు, "వెంట వచ్చినవాళ్ళందరూ వచ్చారు."

చీమ కూర్చుంది. ఆవిడ అక్కడే, అప్పుడే ప్రకటించారు. ఈ ఏడాది పొగమంచు నడకకి లీడరు ఆ అమ్మాయి. మొదటి మంచు పడిన రోజు పై బాటలో, టీచర్లు ఎవరూ లేకుండా, లీడరు ఒక్కతే తరగతిని తీసుకురావాలి. మామూలు బాట కాదు. అడవి అంచు నుంచి తిరిగి వచ్చేది. దాన్ని దాటిన లీడరుకి వెండి ఈల ఇస్తారు.

నేను లైబ్రరీలో దాన్ని అడిగాను. భయంగా ఉందా అని. తల అడ్డంగా ఊపింది. బల్ల కింద కూర్చుని అంది, "పిన్నీ, ఆ చివరి అమ్మాయి బూటు పట్టీ తెగింది."

"ఏ అమ్మాయి?"

"చివర నడిచే అమ్మాయి. ఒక అడుగు మామూలుగా పడుతుంది, రెండోది ఈడుస్తుంది. నేను లైనులో ఎక్కడున్నా వినిపిస్తుంది. అందుకే వెనకపడుతోంది."

నేను ఆ రోజు వరుస చివర నడిచిన పిల్లని పిలిచి బూట్లు చూశాను. రెండు పట్టీలూ కొత్తవే.

అక్కా, నీకు నేను ఎప్పుడూ ఏదీ గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మంచు పడేలోగా వచ్చి దీన్ని తీసుకెళ్ళు. ఆ బాటలో వెనక్కి తిరగకుండా వస్తే ఆవిడలా తయారవుతుంది. తిరిగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు, ఇప్పటిదాకా ఎవరూ తిరగలేదు గనక. నువ్వు వస్తావని ప్రతి శనివారం వ్యాను వైపు చూస్తుంటాను.

చెల్లి

అక్టోబరు 6

చెల్లీ,

రావడం కుదరదు. మూడు స్కూళ్ళ చలికోట్లు ఒకేసారి ఒప్పుకున్నాను. మీ బావ కూడా బొత్తాలు కుడుతున్నాడు, వంకరగా.

కుదిరినా రాను. నాలుగు వందల మందిలో లేచి నిలబడిందని నువ్వే రాశావు. ఆ ముక్క మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. ఇప్పుడు వచ్చి తీసుకొచ్చేస్తే అది జన్మలో మళ్ళీ నోరు తెరవదు. తన మీద అమ్మకి నమ్మకం లేదనుకుంటుంది. నీ మీద మన అమ్మ నమ్మకం పెట్టలేదు, అందుకే నువ్వు ఇలా అయ్యావని నా అభిప్రాయం. ఇది ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్నాను.

పార్సిలులో లీడరు భుజానికి అడ్డంగా వేసుకునే నీలం గుడ్డ పట్టా పంపుతున్నాను. లోపలి వైపు చిన్న జేబు కుట్టాను. ఈల పెట్టుకోవడానికి.

అందులోనే బూటు పట్టీ కూడా ఉంది. తోలుది, బకిలుతో. చీమ నాకు విడిగా ఉత్తరం రాసి అడిగింది. ఎంత పొడుగో దారంతో కొలిచి, ఆ దారం కూడా ఉత్తరంలో పెట్టింది. నా కూతురే. కానీ ఆ దారం చాలా పొట్టిది. దాని కాలికి రెండేళ్ళ క్రితం సరిపోయేది. ఎవరికో రాయలేదు. స్నేహితురాలి చెల్లెలికేమో. దానగుణం కూడా వచ్చిందన్నమాట, నా షాపు ఖర్చుతో.

ధైర్యంగా ఉండు. మంచు పడితే శాలువా కప్పుకో.

అక్క

నవంబరు 29

అక్కా,

చీమ బాగుంది. నువ్వు కంగారుపడకూడదని ఈ మాట ముందు రాశాను. ఇప్పుడు కూర్చుని చదువు.

మంగళవారం పొద్దున లేచేసరికి కిటికీ బయట ఏమీ లేదు. గోడ లేదు, చెట్లు లేవు. టీచర్లమంతా మెట్ల మీద నిలబడ్డాం. పెద్ద మేడం అందరికన్నా ముందు, తలుపుకి వీపు పెట్టి.

పై నుంచి బూట్ల చప్పుడు మొదలైంది. మంచులో చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఒకసారి దగ్గరగా, ఒకసారి గోడ అవతలగా. ఆ తర్వాత ఈల ఒక్కసారి మోగింది.

చప్పుడు ఆగిపోయింది.

పెద్ద మేడం మెట్టు అంచుదాకా వెళ్ళి నిలబడ్డారు. ఆవిడ చేతులు నేను వెనక నుంచి చూశాను. వేళ్ళు ఒక్కొక్కటిగా ముడుచుకుంటున్నాయి. లెక్కల టీచరు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను దిగబోతే పెద్ద మేడం, "కదలకండి" అన్నారు. నేను కదలలేదు. దీనికి నువ్వు నన్ను ఏమన్నా అనుకో.

అక్కడ జరిగింది తర్వాత పిల్లలు చెప్పారు. చీమ ఈల ఊది, ఆగి, తిరిగింది. వరుస వెంట వెనక్కి నడిచింది. ఒక్కొక్కరి భుజం తాకుతూ, "ముందున్నవాళ్ళ చెయ్యి పట్టుకో, వదలకు" అని చెప్పుకుంటూ. చివరి పిల్లని కూడా దాటి మంచులోకి వెళ్ళింది. తర్వాత వాళ్ళకి చీమ గొంతు ఒక్కటే వినపడింది. ఒక పిల్ల ఇలా అంటే నాకు నువ్వే గుర్తొచ్చావు: "మా అమ్మలాంటి గొంతుతో మాట్లాడింది మిస్."

"కాలు ఇటు పెట్టు. కదపకు. బిగుతుగా ఉందా? ఇంకో బెజ్జంలో పెడతానుండు."

అంతే విన్నారు.

మళ్ళీ చప్పుడు మొదలైంది. నెమ్మదిగా. మంచులోంచి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికి వచ్చారు. ముందు ఎవరూ లేరు. లీడరు ఉండాల్సిన చోటు ఖాళీ. అందరికన్నా చివర చీమ, ఒక చెయ్యి ముందున్న పిల్ల చేతిలో, ఇంకో చెయ్యి వెనక్కి చాచి.

పెద్ద మేడం ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ అడిగారు, "ఎంతమంది?"

చివరి నుంచి చీమ చెప్పింది. ఎప్పటిలాగే ఒకరు ఎక్కువ. "ఈసారి అందరం వచ్చాం మేడం."

"వెనక్కి తిరిగావా?"

"తిరిగాను."

"ఎందుకు?"

"పట్టీ తెగింది మేడం. కట్టుకుందామని ఆగిందట. ఆగమని పిలిచిందట. ముందున్న అమ్మాయి తిరగలేదట." చీమ ఒక్క క్షణం ఆగింది. తనకి ఎవరో చెవిలో చెప్తుంటే వినేదానిలా. "ఆ అమ్మాయి మీదేం కోపం లేదంది. ముందున్న అమ్మాయి కూడా దారి తప్పిందేమో అనుకుందంట."

పెద్ద మేడం పక్కకి జరిగారు. తలుపు తెరిచి తనే పట్టుకున్నారు. పిల్లలు లోపలికి వెళ్ళారు, చీమ కూడా వెళ్ళింది. ఆవిడ తలుపు వదలలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆ తర్వాత, మేమంతా చూస్తుండగా, వెనక్కి తిరిగారు. ఎన్నాళ్ళుగానో తీయని తలుపు తీసినట్టు, మెడ కొంచెం కొంచెంగా. వరండా నేల మీద తడి అడుగులు బోలెడు. ఏవి ఎవరివో నేను చెప్పలేను. ఆవిడ మాత్రం ఒక చోట వంగి చూశారు.

చీమ ఆ తోలు పట్టీని దాచుకున్న నీలం పట్టా లోపలి జేబు చూశాను. పట్టీ లేదు.

మర్నాడు వరండాలో నేను మర్చిపోయి వెనక నుంచే గుడ్ మార్నింగ్ అన్నాను. ఆవిడ తిరిగి, "గుడ్ మార్నింగ్ అమ్మా" అన్నారు. నేనే రెండడుగులు వెనక్కి వేశాను. వెండి ఈల ఎవరికీ ఇవ్వలేదు. చీమ అడగలేదు. ఇప్పుడు అది రోజూ వరుస చివరే నడుస్తుంది. మిగతా పిల్లలు దాని మాట కోసం వెనక్కి చూస్తారు.

ఇంకొకటి. బుధవారం నుంచి ఇప్పటిదాకా మిగతా తరగతుల లీడర్లు లెక్క సరిగ్గానే చెప్తున్నారు. ఒకరు ఎక్కువ లేరు. టీచర్లంతా ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. తర్వాత ఒక ఆలోచన వచ్చింది, అది నీకు రాయను.

సెలవులకి బావ వచ్చి చీమని తీసుకెళ్ళొచ్చు. నేను పుస్తకాలు సర్దే పని ముగించుకుని వస్తాను.

నీ చెల్లి

డిసెంబరు 21

చెల్లీ,

మీ బావ చీమని క్షేమంగా తెచ్చాడు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంచమని పిల్ల పట్టు పట్టిందట. కండక్టరుతో అదే మాట్లాడిందట, ఎవరి సాయం లేకుండా. మీ బావ రెండు టికెట్లకి బదులు మూడు కొన్నాడు. "అడిగిన తీరు చూస్తే కాదనలేకపోయాను. అచ్చం నువ్వే" అన్నాడు నాతో.

నీ ఉత్తరం చదివి వారం రోజులు జవాబు రాయలేదు. నాకు మాటలు దొరకలేదంటే నువ్వు నవ్వుకుంటావు, నవ్వుకో. అద్దం పక్కన గుచ్చిన ఉత్తరం తీసేశాను.

నిన్న బట్టల షాపులో సరుకు అప్పజెప్పి ఇంటికి వస్తున్నాం. మార్కెట్టు వీధి సంగతి తెలుసుగా, సాయంత్రం ఎంత రద్దీయో. ఎప్పటిలాగే నేను ముందు, చీమ వెనక. మందుల షాపు దాటాక మన సందులోకి తిరిగాం. అక్కడ జనం ఉండరు. అప్పుడు విన్నాను.

నాకు చీమ చెవులు లేవు. కానీ పాతికేళ్ళుగా మిషన్ల మధ్య కూర్చున్నదాన్ని. ఎన్ని ఆడుతున్నాయో చూడకుండా చెప్పగలను. నా చెప్పులు. చీమ బూట్లు. ఇంకో జత, చిన్నవి. రెండు అడుగులూ సమానంగా పడుతున్నాయి, పట్టీ బాగా బిగుతుగా ఉన్నట్టు.

ఆ పట్టీకి బకిలు దగ్గర డబుల్ కుట్టు వేసింది నేనే.

నడిచేటప్పుడు నేను వెనక్కి చూడను, నీకు తెలుసు. ఆ సందు చివరిదాకా చూడకుండానే నడిచాను. మెడ బిగుసుకుపోయింది. మీ పెద్ద మేడం అన్నేళ్ళు ఎలా నడిచారో అప్పుడు అర్థమైంది. తర్వాత మన గేటు దగ్గర ఆగి తిరిగాను.

చీమ ఒక్కతే ఉంది. ఒక చెయ్యి వెనక్కి చాచి. నన్ను చూసి నవ్వింది. చిన్నప్పుడు బల్ల కింద నుంచి తల బయటపెట్టి నవ్వేది చూడు, అలా.

గేటు తీసి, తలుపు తోసి, పక్కకి నిలబడ్డాను. చీమ లోపలికి వెళ్ళింది. నేను తలుపు పట్టుకుని అలాగే ఉన్నాను. ఎంతసేపు ఉండాలో తెలియదు కదా. చలిగాలి ఇంట్లోకి వస్తోంది. మీ బావ లోపల నుంచి, "తలుపు వేయవేం?" అని అరుస్తున్నాడు.

చీమ వెనక్కి వచ్చి నా చెయ్యి ముట్టుకుంది. "ఇక చాలమ్మా. వచ్చేసింది."

వేశాను.

రాత్రి అన్నాలకి కంచాలు పెడుతుంటే ఎన్ని పెట్టాలో ఒక్క నిమిషం ఆలోచించాను. కటింగ్ టేబులు కింద రెండు దిళ్ళు కనిపిస్తున్నాయి. ఒకటి మన చీమది, ఇంకోటి ఎవరు వేశారో నేను అడగలేదు. పొద్దున లేచి చూస్తే గుమ్మం దగ్గర చీమ బూట్ల పక్కన ఇంకో జత పట్టే చోటు తడిగా ఉంది.

నువ్వు త్వరగా రా. బస్సు స్టాండుకి నేనే వస్తాను. ఈసారి నువ్వు ముందు నడువు, నేను వెనక నడుస్తాను. పుస్తకం తెరుచుకున్నా పర్వాలేదు.

నువ్వు దాన్ని తీసుకెళ్ళమని అడిగినప్పుడు నేను వినలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను, ఆలోచించి రాయి. జనవరిలో బడి తెరిచాక ఇద్దర్నీ పంపాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

అక్క